ఇంట్లో చేసే మట్టి బిళ్లలు: తాంబూలం సంచులకు కట్టే పేరు ట్యాగులు వానాకాలంలో చెడకుండా ఉండాలంటే?

తీరపుగాలి (కాకినాడ)
జూలై 7, 2025

సభ్యులందరికీ నమస్కారం. శ్రావణ మాసంలో మా గృహప్రవేశం ఉంది. వచ్చిన వారికి తాంబూలంతో పాటు ఒక చిన్న ఇత్తడి దీపపు కుందిని గుడ్డ సంచిలో పెట్టి ఇవ్వాలని అనుకున్నాము. ఆ సంచి మూతికి కట్టే పురికొసకు అచ్చు వేయించిన కాగితపు చీటీ కాకుండా, నా చేత్తో చేసిన మట్టి బిళ్ల వేలాడాలని నా కోరిక. ఒకవైపు దీపం గుర్తు, రెండోవైపు సంచి అందుకునే వారి ఇంటి పేరు ఉండాలి. మొత్తం 60 బిళ్లలు కావాలి.

రెండు వారాల క్రితం ఒక ప్రయత్నం చేశాను. 2 కప్పుల మైదా, 1 కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లు కలిపి, చపాతీ ముద్దలా పిసికి, అప్పడాల కర్రతో ఒత్తి, డబ్బా మూతతో గుండ్రంగా కోసి, చిన్న ఓవెన్‌లో 100 డిగ్రీల వద్ద 2 గంటలు ఉంచాను. బయటికి తీసినప్పుడు బిస్కట్లలా గట్టిగా, చూడముచ్చటగా ఉన్నాయి. అయిదో రోజున నాలుగు చినుకులు పడ్డాయి. మరునాడు డబ్బా తెరిస్తే బిళ్లల మీద చెమట పట్టినట్టు తడి కనిపించింది. అంచులు అప్పడంలా పైకి లేచాయి. ఒక దానికి తాడు కట్టి ఎత్తగానే, ఆ తాడు రంధ్రం నుంచి అంచు దాకా మెత్తటి పిండిని కోసుకుంటూ బయటికి వచ్చేసింది. మిగిలిన వాటికి చీమలు పట్టాయి.

నా సందేహాలు మూడు. మా తీరప్రాంతపు గాలిలో ఏ ముద్ద నిలుస్తుంది? బిళ్ల వంకర పోకుండా ఎలా ఆరబెట్టాలి? తెలుగు అక్షరాలు మట్టి మీద స్పష్టంగా ఎలా వస్తాయి?

ప్రయోగశాల (వరంగల్)
జూలై 7, 2025

తీరపుగాలి గారూ, మీ చేతిపనిలో లోపమేమీ లేదు. తప్పంతా ఆ ముద్దలోని ఉప్పుది. సాధారణ ఉప్పుకు ఒక హద్దు ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది ఆ తేమను పీల్చుకొని తనంతట తానే కరగడం మొదలుపెడుతుంది. ఉప్పులో కొద్దిపాటి మెగ్నీషియం క్లోరైడ్ మిగిలి ఉంటే అంతకంటే తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ అడుగున నీరు చేరడం మనందరం చూసినదే, మీ బిళ్లలకు జరిగింది కూడా అదే. ఓవెన్‌లో ఎంతసేపు ఎండబెట్టినా లోపలి నీరు పోతుంది గాని ఉప్పు ఎక్కడికీ పోదు కాబట్టి, మళ్లీ తేమ తగలగానే కథ మొదటికి వస్తుంది.

పైన వార్నిష్ పూస్తే ఆగుతుందని చాలామంది చెబుతారు. రంధ్రం లోపలి గోడకు వార్నిష్ సరిగా అందదు, తాడు ఒరిసేది అక్కడే, తేమ దూరేది కూడా అక్కడే. అందువల్ల మీ ఊరికి, ఈ కాలానికి ఉప్పు ముద్దను పూర్తిగా విడిచిపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. వంట సోడా, కార్న్‌ఫ్లోర్ కలిపి ఉడికించే ముద్ద ఇంతకంటే ఎన్నో రెట్లు నయం. దాని కొలతలు చేసి చూసిన వారు చెబితే బాగుంటుంది.

ముద్దబంతి (విజయవాడ)
జూలై 8, 2025

నేను నాలుగేళ్లుగా ఆ ముద్దతోనే బిళ్లలు చేస్తున్నాను. పచ్చడి సీసాల మెడకు, పిల్లల పుట్టినరోజు కానుకలకు, ఒకసారి మా చెల్లెలి సీమంతానికి చేశాను. వివరంగా రాస్తాను, కొంచెం ఓపికగా చదవండి.

వంట సోడా 2 కప్పులు, కార్న్‌ఫ్లోర్ 1 కప్పు, నీళ్లు కప్పుంబావు తీసుకోవాలి. మూడింటినీ చల్లగా ఉన్నప్పుడే అడుగు మందమున్న గిన్నెలో ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాతే సన్నని సెగ మీద పెట్టాలి. మొదట పాలలా పలుచగా ఉండి, గరిట ఎటు తిప్పితే అటు జారుతుంది. కొద్ది నిమిషాలకు అడుగున మెత్తటి గడ్డలు తగులుతాయి. అక్కడి నుంచి చేయి ఆపకూడదు. ఉప్మా దగ్గరపడినట్టు ఉన్నట్టుండి చిక్కబడి, గిన్నె అంచులను వదిలి గరిట చుట్టూ చేరుతుంది. చలిమిడి ముద్దలా, మెరుపు పోయి కొద్దిగా పొడిగా కనిపించిన క్షణంలో దించేయాలి. ఇంకొక నిమిషం ఆగితే ఏమవుతుందిలే అనుకుంటే, ఆ ఒక్క నిమిషమే రేపు బిళ్ల మీద నెర్రెలవుతుంది. దించిన ముద్దను పళ్లెంలోకి తీసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డ కప్పి చల్లారనివ్వాలి. గోరువెచ్చగా ఉండగా మూడు నాలుగు నిమిషాలు బాగా మర్దించాలి. ఉడికేటప్పుడు సోడా నుంచి కొంత వాయువు పుట్టి బుడగలుగా లోపల చిక్కుకుంటుంది. మర్దిస్తే ఆ బుడగలన్నీ పోతాయి.

ఇక ఒత్తడం. బిళ్ల మందం అన్నిచోట్లా ఒకేలా ఉండాలి, లేకపోతే పలుచటి వైపు ముందు ఆరి వంకర తిరుగుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లలను రెండేసి చొప్పున ఒకదాని మీద ఒకటి పేర్చి ముద్దకు ఇరువైపులా ఉంచి, అప్పడాల కర్ర వాటి మీదుగా దొర్లేలా ఒత్తితే సుమారు 4 మిల్లీమీటర్ల మందం సమంగా వస్తుంది. కింద బటర్ పేపర్ వేసుకోండి. అంటుకుంటే మైదా చల్లవద్దు, కార్న్‌ఫ్లోరే చల్లండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం గుర్తుపెట్టుకోండి. మూతతో గుండ్రంగా కోసిన తరువాత బిళ్లను చేత్తో ఎత్తకండి. చుట్టూ ఉన్న మిగులు ముద్దను లాగేసి, బిళ్లను కాగితం మీదే ఉండనివ్వండి. తడిగా ఉండగా ఒకసారి వంగిన బిళ్లను మీరు సరిచేసినా, ఆరేటప్పుడు అది మళ్లీ అటే వంగుతుంది. కాగితంతో సహా పళ్లెం మీదికి జరిపితే సరిపోతుంది. రంధ్రం స్ట్రాతో వేయండి. అంచుకు కనీసం 8 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి.

5 సెంటీమీటర్ల వెడల్పు బిళ్లలైతే ఈ కొలతకు నాకు 40 దాకా వస్తాయి. మీకు రెండు విడతలు పడుతుంది.

పెరటితోట (గుంటూరు)
జూలై 8, 2025

ముద్దబంతి గారూ, మీ కొలత ప్రకారమే నేను కిందటి ఏడాది చేసి దెబ్బతిన్నాను. ఎంతసేపు ఉడికించినా ముద్ద దగ్గరపడలేదు. పైగా పసుపుపచ్చగా, రవ్వగా, పట్టుకుంటే విడిపోయేలా తయారైంది. కిరాణా కొట్టులో మొక్కజొన్న పిండి అని అడిగి తెచ్చాను. ఎక్కడ పొరపాటు జరిగిందంటారు?

ముద్దబంతి (విజయవాడ)
జూలై 8, 2025

పొరపాటు ఆ పేరులోనే ఉందండి. మొక్కజొన్న పిండి అంటే కొట్టువారు ఇచ్చేది గింజను మొత్తంగా మర పట్టిన పసుపు పిండి. అది రొట్టెలకు పనికివస్తుంది. మనకు కావలసింది కార్న్‌ఫ్లోర్ అని పొట్లం మీద రాసి ఉండే తెల్లని గంజిపొడి. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా జారుతూ కిర్రుమన్నట్టు తగలాలి. వేడి నీటిలో ఉబ్బి జిగురయ్యేది ఆ గంజి మాత్రమే. అలాగే వంట సోడాకు బదులు బేకింగ్ పౌడర్ తేకూడదు. అందులో పుల్లని పదార్థం కూడా కలిసి ఉంటుంది కాబట్టి నీళ్లు తగలగానే పొంగుతుంది, ముద్ద నిండా బుడగలే మిగులుతాయి.

ఆవపుసెగ (చిత్తూరు జిల్లా)
జూలై 9, 2025

సోడా ముద్ద గురించి నాకు అభ్యంతరం లేదు గాని, మట్టి బిళ్ల అని పేరు పెట్టుకున్న చర్చలో అసలైన మట్టి గురించి ఎవరూ ఒక్క మాటైనా చెప్పకపోవడం నాకు కొంత బాధ కలిగించింది. మా ఇంట్లో తరతరాలుగా కుమ్మరి సారె తిప్పిన చేతులు ఉన్నాయి. అందువల్ల ఈ నాలుగు మాటలు.

చెరువు మట్టిని నేరుగా వాడకూడదు. ఎండబెట్టి, నలగగొట్టి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, పలుచగా కలిపి పాత పంచె గుడ్డలో వడగట్టాలి. వేర్లు, గులకరాళ్లు పైన ఉండిపోతాయి. తేరుకున్న నీటిని వంచేసి, అడుగున మిగిలిన మట్టిని గుడ్డ మీద పరిచి, వేలికి అంటుకోనంత వరకు ఆరనివ్వాలి. అచ్చంగా బంకమట్టే అయితే ఆరేటప్పుడు పగులుతుంది కాబట్టి, నాలుగైదు వంతుల మట్టికి ఒక వంతు సన్నని జల్లెడ ఇసుక కలపాలి. ఆ తరువాత తొక్కాలి. కొద్దిపాటి మట్టి అయితే చేత్తో పిసికినా చాలు. తీగతో అడ్డంగా కోసి చూస్తే లోపల ఒక్క గాలి బుడగ కూడా కనిపించకూడదు.

మట్టి బిళ్ల ఆరేటప్పుడు, కాలేటప్పుడు కూడా కుంచించుకుపోతుంది. రెండూ కలిపి మట్టిని బట్టి పదో వంతు దాకా తగ్గవచ్చు. రంధ్రం కూడా ఆ మేరకు చిన్నదవుతుంది కాబట్టి ముందే పెద్దదిగా వేసుకోండి.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, ఇంటి ఓవెన్‌లో కాల్చవచ్చా అని. కాల్చలేము. మట్టి రేణువుల్లో అంతర్భాగంగా ఉండే నీరు విడిపోయి, అది మళ్లీ నీళ్లలో కరగని పెంకుగా మారాలంటే 500 నుంచి 600 డిగ్రీల వేడి దాటాలి. ఇంటి ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఓవెన్‌లో పెట్టిన మట్టి బిళ్ల ఎండుతుందే గాని కాలదు. గ్లాసు నీళ్లలో వేస్తే గంటలో బురద అవుతుంది. మీ దగ్గరలో కుమ్మరి కుటుంబం ఉంటే, బాగా ఎండిన బిళ్లలను తీసుకువెళ్లి, ఆవం పేర్చేటప్పుడు ఒక కుండలో పెట్టి కాల్చి ఇమ్మని మర్యాదగా అడగండి, తగిన డబ్బు ఇవ్వండి. కాదనే వారు తక్కువ.

అయితే బిళ్ల నిజంగా ఎండిందా లేదా అన్నది మీరే చూసుకోవాలి. చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి ఆవంలో ఆవిరై బిళ్లను పగలగొడుతుంది, పక్కన ఉన్న వారి కుండకు కూడా ముప్పు తెస్తుంది. గది వేడితో సమానంగా, చల్లదనమేమీ లేకుండా తగిలినప్పుడే ఇవ్వండి.

తీరపుగాలి (కాకినాడ)
జూలై 9, 2025

ఆవపుసెగ గారూ, మీరు బాధపడిన మాట నిజమే. నేను మట్టి అని రాసి మైదా గురించి అడిగాను. మీరు చెప్పిన పద్ధతి చదువుతుంటే చేయాలని ఎంతో ఉంది గాని, ఈ వానల్లో ఆవం పెట్టేవారు దొరకడం, 60 బిళ్లలు లోపలి దాకా ఎండడం నా గడువులోపల సాధ్యం కాదనిపిస్తోంది. గృహప్రవేశానికి సోడా ముద్దతో చేసి, సంక్రాంతి బొమ్మల కొలువుకు మాత్రం చెరువు మట్టితో చేస్తాను.

ఈ రోజు ముద్దబంతి గారి కొలతలో సగం చేసి చూశాను. ముద్ద చక్కగా కుదిరింది. అయితే శుభకార్యం కదా అని ఒక చెంచా పసుపు కలిపితే, పసుపుపచ్చగా రావలసినది కావిరంగు కలిసిన ఎరుపుగా మారింది. పసుపు కల్తీదేమోనని అనుమానంగా ఉంది.

ప్రయోగశాల (వరంగల్)
జూలై 9, 2025

కల్తీ కాదండి. మీ ఇంటి పెళ్లిలో పారాణి కలిపే ఉంటారు. పసుపులో సున్నం పడగానే ఎర్రబడుతుంది కదా, ఇక్కడా జరిగింది అదే. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపు రంగుకు తిరుగుతుంది. వంట సోడా మెత్తని క్షారం, ఉడికినప్పుడు దానిలో కొంత భాగం ఇంకా గాఢమైన సోడియం కార్బొనేట్‌గా మారుతుంది కాబట్టి ఆ ఎరుపు మరింత చిక్కబడింది. పసుపు రంగే కావాలంటే ముద్దలో కలపకుండా, ఆరిన బిళ్ల మీద అక్రిలిక్ రంగు వేసుకోవాలి. పసుపు కలిపిన రంగు ఎండ తగిలితే త్వరగా వెలిసిపోతుందన్నది కూడా దృష్టిలో పెట్టుకోండి.

ఆరబెట్టడం గురించి కూడా ఒక మాట. వాన పడుతోంది కదా అని సోడా బిళ్లలను ఓవెన్‌లో పెట్టవద్దు. వంట సోడా 50 డిగ్రీలు దాటినప్పటి నుంచి మెల్లగా, 80 దాటాక వేగంగా విడిపోతూ వాయువును వదులుతుంది. బయటి పొర అప్పటికే గట్టిపడి ఉంటే ఆ వాయువు దారి లేక పొక్కులు లేపుతుంది, నెర్రెలు తెస్తుంది.

పారాణి (రాజమహేంద్రవరం)
జూలై 10, 2025

ఆ ఎరుపును పొరపాటుగా చూడకండి. నేను కావాలనే పసుపు కలిపి ఆ రంగు తెప్పిస్తాను. కాల్చిన మట్టి రంగుకు దగ్గరగా ఉంటుంది, మీద తెల్లని ముగ్గు గీతలు వేస్తే ఎంతో శోభగా కనిపిస్తుంది. కలిపిన వెంటనే రంగు మచ్చలు మచ్చలుగా ఉంటుంది కాబట్టి, పసుపును పొడిగా చల్లకుండా, మొదటే నీళ్లలో కలిపి వడగట్టి పోయండి.

ఎండమావి (ఫీనిక్స్, అరిజోనా)
జూలై 10, 2025

మీ అందరిదీ తేమతో ఇబ్బంది అయితే నాది తేమ లేక ఇబ్బంది. ఇది ఎడారి ప్రాంతం. ఇక్కడ ఉప్పు ముద్ద బిళ్లలు ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. మా పిల్లల బడిలో క్రిస్మస్ చెట్టుకు కట్టడానికి అవే చేయిస్తారు. కాని సోడా ముద్దను బయట పెడితే పైపొర గంటలో బిగుసుకుపోయి, లోపలి తడి అలాగే ఉండిపోయి, బిళ్ల గిన్నెలా వంగుతుంది. అంచులు పైకి లేవడానికి కారణం అదే. పైన త్వరగా ఆరి కుంచించుకుంటుంది, కాగితానికి ఆనిన అడుగు భాగం తడిగానే ఉంటుంది. అందువల్ల నేను మొదటి 12 గంటలు బిళ్లల మీద పలుచటి నూలు గుడ్డ కప్పి, ఆ తరువాత తీగల జల్లెడ మీదికి మార్చి, 6 గంటలకొకసారి తిరగేస్తాను. సగం ఆరి, గోటితో నొక్కితే గుర్తు పడనంత గట్టిపడ్డాక, రెండు వార్తాపత్రికల మధ్య పెట్టి పైన ఒక పలక ఉంచుతాను. బరువు ఎక్కువైతే పగులుతుంది, పలక ఒక్కటే చాలు.

కాకినాడలో అయితే గుడ్డ కప్పవలసిన అవసరం అంతగా ఉండకపోవచ్చు గాని, తిరగేయడం మాత్రం మానవద్దు. పంకా కింద నేరుగా పెట్టినా మా ఎడారి గాలి చేసే పనే చేస్తుంది.

వలపలగిలక (తెనాలి)
జూలై 10, 2025

అక్షరాల గురించి ఇంకా ఎవరూ రాయలేదు. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం ఎక్కువగానే రాస్తాను.

మన లిపి గుండ్రంగా ఉండటం మట్టి మీద రాసేవారికి వరమూ, పరీక్షా కూడా. మొనదేలిన పుల్లతో సున్నాలు చుడితే మట్టి రెండు వైపులా చీలి గట్టులా లేస్తుంది, ఆ గట్టు పక్క గీతలో పడి ‘వ’ ఏదో ‘ప’ ఏదో తెలియకుండా పోతుంది. దీనికి నాకు దొరికిన ఉపాయం ఇది. బిళ్ల మీద పలుచటి ప్లాస్టిక్ కాగితం పరిచి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో ఆ కాగితం మీదుగా రాయండి. మొన మట్టిని కోయదు, నొక్కుతుంది. గీత అంచులు గుండ్రంగా, నునుపుగా వస్తాయి, గట్టు లేవదు. కాగితం తీసి చూస్తే చేత్తో రాసినట్టు కాక అచ్చు పోసినట్టు ఉంటుంది.

ఒత్తులున్న పేర్లకు చోటు ముందే లెక్కించుకోవాలి. 5 సెంటీమీటర్ల బిళ్ల మీద తలకట్టు నుంచి ఒత్తు అడుగు దాకా 12 మిల్లీమీటర్లకు తగ్గితే క్ష, త్ర వంటివి ముద్దగా మారుతాయి. అక్షరాలను కుదించడం కంటే ఇంటి పేరును ఒక వరుసలో, ఊరును మరో వరుసలో వేయడం నయం. పేర్లన్నీ ముందుగా కాగితం మీద అదే కొలత సున్నాలు గీసి రాసుకోండి. 60 పేర్లలో రెండు మూడైనా వరుసలో పట్టనివి బయటపడతాయి.

అచ్చు చేసి వాడదామనుకునేవారు అక్షరాలను అద్దంలో కనిపించే తీరులో తిప్పి చెక్కాలి. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా, నేను మొదటి అచ్చును సరిగా కనిపించేలా చెక్కి, 20 బిళ్లల మీద వేసిన తరువాత గమనించాను. ‘శుభం’ అన్న మాట వెనుక నుంచి ముందుకు పడింది. ఆ 20 బిళ్లలనూ మళ్లీ ముద్ద చేశాను.

అద్దకం (మచిలీపట్నం)
జూలై 11, 2025

దీపం గుర్తు గురించి నాది ఒక సూచన. మా పక్కనున్న పెడనలో కలంకారీ బట్టల అద్దకానికి వాడే టేకు చెక్క అచ్చులు ఉంటాయి. అంచులు అరిగి బట్టకు పనికిరాని పాత అచ్చులు కొన్నిసార్లు తక్కువ ధరకు దొరుకుతాయి. మట్టికి అవి అద్భుతంగా సరిపోతాయి. మామిడి పిందె, తామర, చిలుక, తీగ అంచు వంటివి 5 సెంటీమీటర్లలో ఇమిడేవి చాలానే ఉంటాయి.

రెండు జాగ్రత్తలు చెబుతాను. బట్ట అచ్చు లోతుగా చెక్కి ఉంటుంది, చెయ్యి అదిమితే చెక్క పూర్తిగా దిగబడి బిళ్ల అడుగు పలుచబడి, ఆరాక ఆ గీత వెంటే విరుగుతుంది. 4 మిల్లీమీటర్ల బిళ్లలో 1 మిల్లీమీటరు లోతు చాలు. రెండోది, పాత చెక్కలో రంగు ఇంకి ఉంటుంది. మెత్తని కుంచెతో దులిపి, వృథా ముద్ద మీద నాలుగైదు సార్లు నొక్కి, రంగు దిగడం ఆగిన తరువాతే అసలు బిళ్ల మీద పెట్టండి. ప్రతిసారీ అచ్చుకు కార్న్‌ఫ్లోర్ పూత పలుచగా అద్ది దులిపితే ముద్ద పట్టుకోదు. కోసిన తరువాత అచ్చు వేస్తే బిళ్ల గుండ్రం సాగి కోడిగుడ్డులా అవుతుంది. ముందు అచ్చు వేసి, ఆ గుర్తు మధ్యకు వచ్చేలా మూత పెట్టి కోయండి.

తొలకరి (హైదరాబాద్)
జూలై 11, 2025

సమయం లేనివారికి ఒక్క మాట. గాలికి ఆరే మట్టి పేరుతో బొమ్మల సామగ్రి దుకాణాల్లో తయారుగా దొరుకుతుంది. ఖర్చు ఎక్కువ గాని ఉడికించే పని ఉండదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆరుతుంది. పాలిమర్ మట్టి అని దొరికేది వేరు. అది పీవీసీ ప్లాస్టిక్‌తో చేసినది, పొట్లం మీద రాసిన వేడికి మించి కాలిస్తే ఘాటైన, హానికరమైన పొగ వస్తుంది. వంటకు వాడే ఓవెన్‌లో దానిని నేను పెట్టను.

ముద్దబంతి (విజయవాడ)
జూలై 12, 2025

పైపూత సంగతి మిగిలిపోయింది. బిళ్లలు పూర్తిగా ఆరాక అంచులను సన్నని గరుకు కాగితంతో రుద్దండి. ఆ పొడి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోండి. ఆవపుసెగ గారు చెప్పిన నిజమైన మట్టి అయితే అసలు పొడిగా రుద్దనే వద్దు, అందులో సిలికా ధూళి ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిండిన స్పాంజితో తుడిస్తే అంచులు అవే నునుపెక్కుతాయి.

ఆ తరువాత నీటితో పలుచబరిచే అక్రిలిక్ వార్నిష్ రెండు పూతలు వేయాలి. మొదటి పూత ఆరాకే బిళ్లను తిరగేసి రెండో వైపు పూయండి. రంధ్రం లోపలికి అగ్గిపుల్లకు దూది చుట్టి, వార్నిష్‌లో ముంచి తిప్పండి. ప్రయోగశాల గారు చెప్పిన లోపం దీనితో చాలావరకు తీరుతుంది. సోడా ముద్ద తేమను ఉప్పులా లాగకపోయినా, నీరు తగిలితే మెత్తబడేదే.

సన్నని నెర్రెలు పడితే పారేయకండి. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కొయ్య భాగాలను అతుకుతారు. మనం కూడా అదే తీరులో, ఆరిన ముద్ద పొడిలో నాలుగు చుక్కల ఫెవికాల్ కలిపి నెర్రెలో వేలితో పూసి, మరునాడు రుద్దేస్తే మచ్చ కనిపించదు.

ఇంట్లో చంటిపిల్లలు, కుక్కలు ఉంటే జాగ్రత్త. సోడా బిళ్ల, ఉప్పు బిళ్ల రెండూ మింగకూడనివే. ముఖ్యంగా ఉప్పు ముద్ద కుక్కల ప్రాణానికే ప్రమాదం. మిఠాయికి నేరుగా తగిలేలా ఏ బిళ్లనూ పెట్టకండి, సంచికి బయటే కట్టండి.

తీరపుగాలి (కాకినాడ)
ఆగస్టు 11, 2025

గృహప్రవేశం అయింది. మీ అందరికీ ఫలితం చెప్పవలసిన బాధ్యత నాకుంది.

రెండు విడతలుగా మొత్తం 76 బిళ్లలు చేశాను. మొదటి విడత తెల్లనివి, రెండో విడతకు పారాణి గారు చెప్పినట్టు పసుపు నీటిని వడగట్టి కలిపాను. సెగ కట్టేసే క్షణం మొదటిసారి తప్పిపోయింది, ఆ విడతలో 9 బిళ్లలు నెర్రెలిచ్చాయి. వాటిలో 6 మక్కు పద్ధతిలో బాగుపడ్డాయి. వాన ఆగకుండా పడిన వారంలో ఆరడానికి నాలుగున్నర రోజులు పట్టింది. పగలు, రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున లేచి తిరగేశాము. మా అత్తగారు ఆ పనిని తన మీద వేసుకున్నారు. చెంపకు ఆనించి చూసే పరీక్షను సోడా బిళ్లలకు కూడా ఆవిడే చేసి, ఇది ఇంకా చల్లగా ఉంది అని ఒక్కొక్కటిగా పక్కన పెట్టేవారు.

ప్లాస్టిక్ కాగితం మీదుగా రాసిన అక్షరాలు నేను ఊహించిన దానికంటే బాగా వచ్చాయి. ఆరిన తరువాత ఆ గీతల్లో కావిరంగు నింపి, పైన తడిగుడ్డతో తుడిచేస్తే అక్షరం లోపల మాత్రమే రంగు మిగిలింది. పెడన అచ్చు నాకు దొరకలేదు, దీపం గుర్తును పాత గొడుగు పిడి చెక్కతో మా వారు చెక్కి ఇచ్చారు.

తిరిగి వెళ్లేటప్పుడు ఎవరి పేరు ఉన్న సంచిని వారు వెతుక్కుని తీసుకున్నారు. రంధ్రం దగ్గర తెగినది ఒక్కటీ లేదు. నేను ఇంట్లో ఉంచుకున్న వాటిని ఈ ఉదయం చూశాను. మూడు రోజుల ముసురు తరువాత కూడా పొడిగా, గట్టిగానే ఉన్నాయి. ఒక్క ఇబ్బంది మాత్రం మిగిలింది. పురికొస ముడి జారిపోయి రెండు మూడు బిళ్లలు కింద పడ్డాయి, ఒకటి గచ్చు మీద పడి విరిగింది.

అద్దకం (మచిలీపట్నం)
ఆగస్టు 12, 2025

శుభం. పురికొసను రెండు కొసలూ కలిపి కట్టి ముడి వేస్తే బిళ్ల బరువుకు జారుతుంది. తాడును సగానికి మడిచి, మడత ఉన్న వైపును రంధ్రంలో దూర్చి, రెండు కొసలనూ ఆ మడతలో నుంచి లాగి బిగించండి. బిళ్ల బరువే ఆ ఉచ్చును బిగిస్తుంది. మడిచిన తాడు సులువుగా దూరాలి కాబట్టి సంక్రాంతికి చేసే మట్టి బిళ్లలకు 6 మిల్లీమీటర్ల రంధ్రం మిగిలేలా, మట్టి తడిగా ఉన్నప్పుడు 7 మిల్లీమీటర్లు వేసుకోండి.